ఫుడ్ సేఫ్టీ జరిమానా పడితే కట్టేయాలా, అప్పీలుకు వెళ్లాలా?

పోస్ట్‌మ్యాన్ ఇచ్చిన కవరు చింపి పారేయకండి. లోపలి కాగితం ఎంత ముఖ్యమో, కవరు మీద పడిన తపాలా ముద్ర కూడా అంతే ముఖ్యం. జరిమానా ఆర్డరు మీద అప్పీలు గడువు అది మీ చేతికి అందిన రోజు నుంచి మొదలవుతుంది, ఆర్డరు రాసిన రోజు నుంచి కాదు. ఆర్డరు మీద 3వ తేదీ ఉండి మీకు 19న అందిందంటే మధ్యలోని పదహారు రోజులు మీ లెక్కలోకి రావు. రేపు ఎవరైనా కాదంటే చూపించడానికి ఆ కవరు ఉండాలి. అందిన రోజే దాని మీద పెన్నుతో తేదీ వేసి, కాగితంతో కలిపి పిన్ను కొట్టి ఫైల్లో పెట్టండి.

ఇది నాకు నేర్పింది నా నిర్లక్ష్యమే. కారం, పసుపు, ధనియాల పొడి ప్యాక్ చేసే చిన్న యూనిట్ మాది. ఒకసారి మా సరుకు అమ్మే షాపులో శాంపిల్ తీశారు. తర్వాత వచ్చిన ల్యాబ్ రిపోర్టులో బ్యాచ్ నంబరు లేదని, అందువల్ల సరుకు మిస్‌బ్రాండెడ్, అంటే లేబుల్ సరిగా లేనిది అని రాశారు. నంబరు ఉంది. ప్యాకెట్ అడుగున వేడితో అతికించిన అంచు మీద పడి, సగం అరిగిపోయి ఉంది. ఏదో లేబుల్ గొడవలే అనుకుని రిపోర్టును బిల్లుల కింద పెట్టేశాను. కొన్ని నెలలకు విచారణ నోటీసు వచ్చింది. వకీలు దగ్గరికి వెళ్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, రిపోర్టు ఎప్పుడొచ్చింది అని. దాని మీద అప్పీలుకు ముప్పై రోజులే గడువు. అది దాటి చాలా కాలమైంది.

అందుకే జరిమానా ఆర్డరు దగ్గర కాకుండా, దానికి ముందు వచ్చే కాగితాల దగ్గర నుంచి మొదలుపెడతాను. ఆర్డరు వచ్చేసరికి మన చేతిలోని మంచి ఆయుధాలు చాలావరకు గడువు తీరిపోయి ఉంటాయి.

మొదట మీ చేతిలో ఉన్నది ఏ కాగితమో తేల్చుకోండి

అన్నిటినీ మనం నోటీసు అనే అంటాం కానీ, ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006 కింద వచ్చే కాగితాలు ఒక్కోటి ఒక్కో దారిలో పోతాయి.

ఫలానా లోపాలు ఫలానా తేదీలోగా సరిచేయండి అని ఉంటే అది 32వ సెక్షన్ కింద ఇచ్చే ఇంప్రూవ్‌మెంట్ నోటీసు. ఇందులో జరిమానా ఉండదు. సరిచేసుకోవడానికి కనీసం 14 రోజులు ఇవ్వాలి. ఒప్పుకోకపోతే రాష్ట్ర ఫుడ్ సేఫ్టీ కమిషనర్‌కు అప్పీలు చేయాలి, అదీ 15 రోజుల్లో లేదా నోటీసులో ఇచ్చిన గడువులో, ఏది ముందు ముగిస్తే దాని లోపల. నా సలహా అడిగితే, గోడలకు సున్నం వేయించమనో, పని చేసేవాళ్లకు మెడికల్ సర్టిఫికెట్లు తెమ్మనో అంటే అప్పీలు మాట ఎత్తకండి. చేయించి, ఫోటోలు తీసి, రాసిచ్చి, రసీదు తీసుకోండి. పట్టించుకోకుండా వదిలేస్తే లైసెన్సు సస్పెండ్ చేస్తారు.

ల్యాబ్ నుంచి వచ్చిన ఫుడ్ అనలిస్ట్ రిపోర్టు కాపీ అయితే, దాని మీద డిజిగ్నేటెడ్ ఆఫీసర్ (మీ ప్రాంతంలో ఆహార భద్రత వ్యవహారాలు చూసే అధికారి) పంపిన లెటరు ఉంటుంది. అడ్జుడికేటింగ్ ఆఫీసర్ (విచారించి జరిమానా నిర్ణయించే అధికారి) నుంచి వచ్చి, మీ వాదన చెప్పుకోండి అని ఉంటే అది విచారణ నోటీసు. మన దగ్గర జాయింట్ కలెక్టరో అదనపు కలెక్టరో ఈ విచారణ చేస్తారు. అదనపు జిల్లా మేజిస్ట్రేట్ హోదాకు తగ్గనివాళ్లే చేయాలని చట్టం. ఇంత మొత్తం కట్టండి అని ఉంటే అది ఆర్డరు.

ఇంకోటి ఉంది. రిపోర్టులో 'అన్‌సేఫ్' అని ఉంటే ఈ వ్యాసం మీకు చాలదు. అది క్రిమినల్ కోర్టుకు వెళ్తుంది, జైలు శిక్ష దాకా ఉంటుంది. ఆ రోజే వకీలును కలవండి. 'సబ్‌స్టాండర్డ్' (నాణ్యత ప్రమాణాలకు తగ్గనిది కాదు), 'మిస్‌బ్రాండెడ్' అని ఉంటే అది జరిమానా దారి.

ల్యాబ్ రిపోర్టు వచ్చిన ముప్పై రోజులు

శాంపిల్ తీసినప్పుడు దాన్ని నాలుగు భాగాలు చేస్తారు. ఒకటి ఫుడ్ అనలిస్ట్‌కు, రెండు డిజిగ్నేటెడ్ ఆఫీసర్ దగ్గరికి. నాలుగోది మీరు అడిగితే గుర్తింపు ఉన్న మరో ల్యాబ్‌కు పంపిస్తారు, ఖర్చు మీది. చాలామంది అడగరు. అసలు అడగవచ్చని తెలియదు, పైగా షాపు ముందు జీపు ఆగి పదిమంది గుమిగూడితే ఆ టెన్షన్‌లో ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టేస్తాం. ఇప్పటినుంచైనా గుర్తుంచుకోండి: నాలుగో భాగం కూడా పరీక్షకు పంపండి అని అక్కడికక్కడే కాగితం మీద రాసివ్వండి. రెండు రిపోర్టులూ ఒకదానికొకటి పొసగకపోతే మిగిలిన భాగం రిఫరల్ ల్యాబ్‌కు పోతుంది, వాళ్లు చెప్పిందే ఫైనల్. తీసుకున్న శాంపిల్‌కు మామూలు ధర చెల్లించాలని కూడా చట్టంలో ఉంది. మొహమాటపడి వద్దనకండి, తీసుకుని రసీదు రాసివ్వండి. ఏ సరుకు, ఏ బ్యాచ్, ఎంత తీశారో చెప్పే కాగితం మీకు అదొకటి దొరుకుతుంది.

రిపోర్టు కాపీ అందాక ముప్పై రోజుల్లో, ఫారం 8లో, డిజిగ్నేటెడ్ ఆఫీసర్‌కు అప్పీలు పెట్టవచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది. శాంపిల్‌ను రిఫరల్ ల్యాబ్‌కు పంపడం ఆయన 'అలా నిర్ణయిస్తేనే' అని చట్టంలో రాసి ఉంది. అంటే ఊరికే రిపోర్టు తప్పు అంటే కుదరదు. ఎందుకు తప్పో ఆయనకు పట్టేలా చెప్పాలి.

దానికి రిపోర్టును లైను లైనుగా చదవాలి. శాంపిల్ ల్యాబ్‌కు ఏ రోజు చేరింది, రిపోర్టు ఏ రోజు ఇచ్చారు? అనలిస్ట్ 14 రోజుల్లో రిపోర్టు పంపాలని 46వ సెక్షన్ చెబుతుంది. ఆలస్యమైతే రాయండి, కానీ దాన్నొక్కదాన్నే పట్టుకుని కేసు కొట్టేస్తారని ఆశ పెట్టుకోకండి. శాంపిల్ కోడ్ నంబరు, మీ దగ్గరున్న కాగితంలోని నంబరు ఒకటేనా? మీ 14 అంకెల లైసెన్సు నంబరు సరిగ్గా పడిందా? ఏ పరీక్షలో ఎంత వచ్చింది, ఎంత ఉండాలి, అది ఏ రూలు ప్రకారం? తర్వాత ల్యాబ్ సంగతి. చట్టం కింద గుర్తింపు ఉందా, ఆ ప్రత్యేక పరీక్షకు గుర్తింపు ఉందా చూడండి. ఇదేదో సాంకేతిక పాయింటులే అని తీసిపారేయకండి. 2015 ఆగస్టు 13న బాంబే హైకోర్టు మ్యాగీ నిషేధాన్ని కొట్టేసినప్పుడు చెప్పిన ప్రధాన కారణాల్లో ఇది ఒకటి: పరీక్షలు చేసిన ల్యాబ్‌లకు చట్టం ప్రకారం కావలసిన గుర్తింపు లేదని. కంపెనీ వాదన వినకుండా నిషేధించారన్నది మరోటి.

నా విషయంలో ఈ ముప్పై రోజుల్లో చేయాల్సింది ఒక్కటే. అదే బ్యాచ్ ప్యాకెట్లు నాలుగు తీసి, అడుగు అంచు మీద నంబరు కనపడేలా ఫోటోలు తీసి, అప్పీలుకు జతచేయాలి. అరపూట పని.

విచారణ నోటీసుకు జవాబు రాయడం

నోటీసులో ఇచ్చిన గడువు లోపల రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. నేరుగా వెళ్లి సార్‌తో మాట్లాడుకుందాం అనుకోవద్దు. జేసీ గారికి భూముల కేసులు, పంపిణీల సమీక్షలు, ఇంకా సవాలక్ష పనులు. మీ వంతు వచ్చినప్పుడు దొరికేది నాలుగైదు నిమిషాలు. తర్వాత ఆర్డరు రాసేటప్పుడు ఆయన ముందు ఉండేది మీ మాట కాదు, మీ కాగితం.

జవాబులో ముందు తేదీలు. శాంపిల్ తీసిన రోజుకు, కేసు దాఖలు చేసిన రోజుకు మధ్య ఏడాది దాటిందా చూడండి. 77వ సెక్షన్ ప్రకారం గడువు ఏడాది. కమిషనర్ కారణాలు రాసి అనుమతిస్తే మూడేళ్ల వరకు పొడిగించవచ్చు. ఏడాది దాటి ఉంటే ఆ అనుమతి కాపీ ఇవ్వమని అడగండి.

మీరు తయారీదారు కాకుండా అమ్మే షాపువాళ్లైతే, కొనుగోలు బిల్లే మీ ప్రాణం. సీలు విప్పని ప్యాకెట్ మీరు ఎవరి దగ్గర కొన్నారో, ఎప్పుడు కొన్నారో, బ్యాచ్ నంబరుతో సహా చూపించాలి. సరఫరాదారు సరుకు నాణ్యతకు హామీగా ఇచ్చే 'ఫారం-E' గ్యారంటీ ఉంటే ఇంకా మంచిది. చాలామంది హోల్‌సేలర్లు ఆ గ్యారంటీ వాక్యాన్ని బిల్లు మీదే అచ్చు వేస్తారు. మీ బిల్లు కింద చిన్న అక్షరాలు ఒకసారి చదివి చూడండి. తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాను అన్న వాదనకు 80వ సెక్షన్‌లో చోటుంది. నాకు తెలియదు, నిజమనుకున్నాను అన్న వాదన మాత్రం నిలబడదు.

ఇక అసలు విషయం 49వ సెక్షన్. జరిమానా ఎంత వేయాలో నిర్ణయించేటప్పుడు అధికారి చూడాల్సినవి అందులో ఉన్నాయి: ఆ తప్పు వల్ల మీకు వచ్చిన లాభం, ఎవరికైనా కలిగిన నష్టం, ఇంతకుముందు ఇలాంటిదే చేశారా, మీకు తెలియకుండా జరిగిందా, ఇతర సంగతులు. మన జవాబుల్లో సాధారణంగా ఉండేది, పేదవాణ్ణి, పిల్లలు చదువుకుంటున్నారు, దయ చూపండి అని. దాని బదులు ఈ సెక్షన్ అడిగిన వాటికే లెక్కలతో జవాబు రాయండి. వకీలు నాతో రాయించింది ఇలా ఉంది:

"సదరు బ్యాచ్‌లో మొత్తం 240 ప్యాకెట్లు తయారయ్యాయి. బ్యాచ్ నంబరు ముద్రించబడింది, కానీ అంచు మీద పడటం వల్ల స్పష్టంగా లేదు (ప్యాకెట్లు, ఫోటోలు జతచేశాను). సరుకు నాణ్యతలో లోపం ఉన్నట్లు అనలిస్ట్ రిపోర్టులో లేదు. ఈ పొరపాటు వల్ల నాకు అదనపు లాభం రాలేదు. నా లైసెన్సు మీద ఇంతకుముందు కేసులు లేవు. నంబరు ప్యాకెట్ ముందువైపు పడేలా ముద్రణ మార్చాను, కొత్త ప్యాకెట్ జతచేశాను."

చివరి వాక్యం చూశారా, తప్పు ఒప్పుకున్నట్టు అవుతుందేమో అని నేను భయపడ్డాను. వకీలు నవ్వి, ప్యాకెట్ వాళ్ల దగ్గరుంది కదండీ, ఇంక దాచేదేముంది అన్నాడు. విచారణలో జేసీ గారు రెండు ప్యాకెట్లూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. నంబరు ఉందన్న మాట రిపోర్టు వచ్చినప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగారు. జవాబు లేదు నా దగ్గర. జరిమానా పడింది, కానీ నేను భయపడినంత పడలేదు.

వాయిదాకు తప్పకుండా వెళ్లండి. వెళ్లలేకపోతే ముందే రాసిచ్చి ఇంకో తేదీ అడగండి. రాకపోతే ఉన్న కాగితాల మీదే ఆర్డరు రాసేస్తారు.

చిన్న వ్యాపారులకు ఇంకో దారి కూడా ఉంది. తోపుడు బండ్లు, తాత్కాలిక స్టాళ్లు, చిల్లర దుకాణాలు, చిన్న తయారీదార్ల కేసులను 69వ సెక్షన్ కింద రాజీ చేసుకోవచ్చు. కమిషనర్ అధికారం ఇచ్చి ఉంటే డిజిగ్నేటెడ్ ఆఫీసరే లక్ష రూపాయలకు మించని మొత్తం కట్టించుకుని కేసు మూసేస్తారు. జైలు శిక్ష పడే నేరాలకు ఇది వర్తించదు. అడగందే ఎవరూ చెప్పరు, కాబట్టి అడగండి.

ఆర్డరు వచ్చింది, ఇప్పుడేం చేయాలి

మొదట ఏ సెక్షన్ కింద వేశారో చూడండి. ఒక్కోదానికి ఒక్కో గరిష్ఠ పరిమితి ఉంది. సబ్‌స్టాండర్డ్‌కు 5 లక్షలు, మిస్‌బ్రాండెడ్‌కు 3 లక్షలు, తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షలు, అపరిశుభ్రంగా తయారు చేస్తే లక్ష, పురుగూ పుల్లా లాంటివి ఉంటే లక్ష. ఇవి పైహద్దులు మాత్రమే. రిపోర్టులో మిస్‌బ్రాండెడ్ అని ఉండి ఆర్డరు సబ్‌స్టాండర్డ్ సెక్షన్ కింద ఉందంటే, అది అప్పీలుకు గట్టి పాయింటు. తర్వాత, మీ జవాబులో రాసిన అంశాల గురించి ఆర్డరులో ఒక్క ముక్కైనా ఉందా చూడండి. 49వ సెక్షన్ విషయాలు చర్చించకుండా నేరుగా అంకె వేసి ఉంటే అదీ అప్పీలుకు పనికొస్తుంది.

కట్టాలా వద్దా అన్నదాన్ని పౌరుషంతో తేల్చకండి. తప్పు జరిగిన మాట నిజం, మొత్తం మీరు భరించగలిగింది అయితే కట్టేయడమే మేలు. పదిహేను వేల జరిమానా తప్పించుకోవడానికి వకీలు ఫీజులు, వాయిదాలు, షాపు మూసుకుని తిరిగిన రోజులు కలిపితే అంతకు మించుతుంది. అలాగని ప్రతిసారీ కట్టేయడం కూడా తెలివి కాదు. ఇంతకుముందు ఇలాంటిదే చేశారా అన్న ప్రశ్న 49వ సెక్షన్‌లో ఉందని చెప్పాను కదా, ఇవాళ కట్టిన చిన్న జరిమానా రేపటి కేసులో ఆ ప్రశ్నకు జవాబవుతుంది. నాణ్యత మీదే మచ్చ పడితే, పెద్ద షాపులకు సరుకు వేసేవాళ్లకు ఆ ఆర్డరు జరిమానా కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. సరుకు మీది కానప్పుడు, శాంపిల్ నంబర్లు కలవనప్పుడు, మీ వాదన విననప్పుడు అప్పీలు చేయండి.

ఏదీ చేయకుండా కూర్చోవడం మాత్రం కుదరదు. కట్టని జరిమానాను భూమి శిస్తు బకాయిలా వసూలు చేస్తారు, కట్టేదాకా లైసెన్సు సస్పెండ్ చేస్తారు. 96వ సెక్షన్ సూటిగా ఆ మాటే అంటుంది.

కట్టేటప్పుడు

చలానానా, డీడీనా, ఎవరి పేరు మీద, ఎన్ని రోజుల్లో అన్నది ఆర్డరులోనే ఉంటుంది. లేకపోతే ఆ ఆఫీసు సెక్షన్ క్లర్కును అడిగి, ఆయన చెప్పింది ఆర్డరు కాపీ వెనక రాసుకోండి. చలానాలో కేసు నంబరు, ఆర్డరు తేదీ, లైసెన్సు నంబరు మూడూ రాయాలి. నగదు ఎవరి చేతికీ ఇవ్వకండి, నేను కట్టేస్తానులే అన్నవాళ్లకు అసలే ఇవ్వకండి.

కట్టిన రసీదు మీ బీరువాలో ఉంటే ప్రభుత్వ ఫైలుకు తెలియదు. కాపీలు తీసి, ఒక లెటరుతో అడ్జుడికేటింగ్ ఆఫీసుకు, డిజిగ్నేటెడ్ ఆఫీసర్‌కు ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. తర్వాత ఫాస్కోస్ అనే ఆహార లైసెన్సుల వెబ్‌సైట్‌లో మీ లైసెన్సు యాక్టివ్‌గా ఉందో లేదో చూసుకోండి. లేబుల్ సరిచేయమని, ఉన్న సరుకు నాశనం చేయమని ఆర్డరులో ఉంటే అది కూడా చేసి రాసివ్వాలి. డబ్బు కట్టినంత మాత్రాన ఆ పని తీరదు. ఇంకో మాట, మీ అకౌంటెంట్‌కు చెప్పండి: చట్టం మీరినందుకు కట్టిన జరిమానాను ఆదాయపు పన్నులో వ్యాపార ఖర్చుగా చూపించకూడదు.

అప్పీలుకు వెళ్లేటప్పుడు

ఆర్డరు అందిన ముప్పై రోజుల్లో ఫుడ్ సేఫ్టీ అప్పిలేట్ ట్రిబ్యునల్‌లో వేయాలి. దాన్ని నడిపేది జిల్లా జడ్జి స్థాయి వ్యక్తి. మీ జిల్లా ఏ ట్రిబ్యునల్ కిందికి వస్తుందో డిజిగ్నేటెడ్ ఆఫీసులో గానీ జిల్లా కోర్టులో గానీ కనుక్కోండి. మీరే వాదించుకోవచ్చు, వకీలును పెట్టుకోవచ్చు. మామూలు సివిల్ కోర్టులో దావా వేయడం కుదరదు, దానికి ఈ విషయంలో అధికారం లేదు.

జతచేయాల్సినవి: ఆర్డరు కాపీ, అది వచ్చిన కవరు, విచారణ నోటీసు, మీరిచ్చిన జవాబు, ల్యాబ్ రిపోర్టు, శాంపిల్ తీసినప్పటి కాగితాలు, బిల్లులు. కారణాలు పేజీలకు పేజీలు రాయకండి. గట్టివి మూడుంటే మూడే రాయండి. పది రాస్తే జడ్జి గారు అందులో బలహీనమైనదాన్ని పట్టుకునే ప్రమాదం ఉంది.

అందరూ మరిచిపోయేది స్టే. అప్పీలు వేసినంత మాత్రాన వసూలు ఆగదు. జరిమానా వసూలు, లైసెన్సు మీద చర్య రెండూ ఆపమని వేరే దరఖాస్తు అదే రోజు పెట్టండి. స్టే వస్తే ఆ కాపీ డిజిగ్నేటెడ్ ఆఫీసర్‌కు మీరే తీసుకెళ్లి ఇవ్వండి, దానంతటది చేరుతుందని ఎదురుచూడకండి. గడువు దాటిపోయి ఉంటే, ఆలస్యానికి కారణం చెబుతూ మన్నింపు కోరే దరఖాస్తు ఆధారాలతో జతచేయాలి. ఆస్పత్రిలో ఉన్నాను అంటే డిశ్చార్జి కాగితం అడుగుతారు.

ట్రిబ్యునల్‌లోనూ ఓడిపోతే, ఆ ఆర్డరు మీకు తెలియజేసిన రోజు నుంచి అరవై రోజుల్లో హైకోర్టుకు వెళ్లవచ్చు. సరైన కారణం ఉంటే హైకోర్టు ఇంకో అరవై రోజుల దాకా గడువు ఇవ్వగలదు. అంత దూరం వెళ్లేటప్పుడు కూడా మీ వకీలు మొదట అడిగేది ఆ కవరే.